రెండుసార్లు తిప్పిన కాలు

ఉద్యోగ జ్ఞాపకాలు రాసేవాళ్లు సాధారణంగా రిటైరైనవాళ్లు. వాళ్ల వెనక ముప్ఫై ఐదేళ్ల సర్వీసు, అరడజను బదిలీలు, ఒక సన్మానపు శాలువా ఉంటాయి. నా వెనక ఉన్నది మూడేళ్ల సర్వీసు, ఒకే ఒక్క కౌంటరు, ఆ కౌంటరు మీద పిల్లి గీరిన నాలుగు గీతలు. పోయిన నెల ఆ ఉద్యోగం మానేసి ఒక స్కూలు లైబ్రరీలో చేరాను. అక్కడ మాట్లాడకుండా కూర్చోవడమే అర్హత కాబట్టి ఇంటర్వ్యూ బాగా జరిగింది.

నా పాత కుర్చీలోకి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. పని అప్పజెబుతుంటే, "అక్కా, ఇక్కడ ముఖ్యంగా ఏం చూసుకోవాలి?" అని అడిగింది. పనిముట్లు ఆవిరిలో ఉడికించే ఆటోక్లేవ్ మూత సరిగా పడదనీ, టీకాల ఫ్రిజ్ తలుపు మోకాలితో నెట్టాలనీ చెప్పాను. అసలు సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. రాయడమైతే చేతనవును. అందుకే ఆమె కోసం, ఆమెలా ఇప్పుడిప్పుడే పనిలో చేరుతున్న మీ కోసం ఇది రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. కుక్క పేరు కూడా రాయను. దానికీ ఊళ్లో పరువుంది.

మా క్లినిక్ ఖరగ్‌పూర్‌లో, మలంచా అనే పేటలో మెయిన్ రోడ్డు మీద, ఒక మిఠాయి దుకాణానికీ టైర్ల దుకాణానికీ మధ్య ఉంది. పశువుల ఆసుపత్రి అనకూడదు. దీదీకి కోపం వస్తుంది. దీదీ అంటే మా డాక్టరు, బెంగాలీ ఆవిడ. రిజిస్టరు రాయడం, పనిముట్లు కడగడం, ఎక్స్‌రే తీసేటప్పుడు జంతువును పట్టుకోవడం నా పని. జంతువులతో మాట్లాడక్కర్లేదు కదా అని ఈ ఉద్యోగంలో చేరాను. ప్రతి జంతువు వెనకా ఒక మనిషి వస్తాడని అప్పుడు తట్టలేదు.

నేను ఖరగ్‌పూర్‌లోనే, రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగాను. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా ఇంట్లో మాట్లాడేవాళ్లు ఎక్కువ కావడంతో నా వంతు ఎప్పుడూ రాలేదు. అందుకని చెప్పాల్సినవన్నీ డైరీలో రాసుకునే అలవాటైంది. రాశాక చెప్పేసినంత హాయిగా ఉండేది. ఈ హాయి దగ్గరే అసలు ప్రమాదం ఉంది. కథలో ముందు ముందు మళ్లీ వస్తుంది.

ఒకరోజు ఉదయం క్లినిక్ ముందు ఒక టోటో, అంటే బ్యాటరీ రిక్షా, ఆగింది. వెనక సీటంతా ఒక గోధుమరంగు కుక్క ఆక్రమించుకుని ఉంది. దాని యజమాని డ్రైవరు పక్కన సగం బయటికి వేలాడుతూ కూర్చున్నారు. దిగి, జేబులోంచి స్టీలు స్కేలు తీసి, కుక్క ముందరి కుడికాలి మీద మణికట్టుకు కాస్త పైనున్న వాపును కొలిచి, నాతో అన్నారు:

"రాసుకో అమ్మీ. నిన్నటికీ ఈరోజుకీ రెండు మిల్లీమీటర్లు పెరిగినాది."

వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి అయిదేళ్ల కిందట రిటైరైన తాతగారు ఆయన. దీదీతో బెంగాలీలోనే మాట్లాడేవారు గానీ ఆ బెంగాలీ కూడా శ్రీకాకుళం మీదుగానే వచ్చేది. కాబట్టి ఆయన మాటలన్నీ తెలుగులోనే రాస్తాను. కుక్కను మాత్రం 'నాయనా' అని పిలిచేవారు.

ఎక్స్‌రే ఫిల్మును దీదీ కిటికీ వెలుతురుకు పట్టి రెండుసార్లు చూసింది. ఎముకలో గడ్డ. మంచిది కాదు. మామూలుగా ఇలాంటప్పుడు కాలు తీసేస్తారు. మూడు కాళ్లతో కుక్కలు బ్రహ్మాండంగా పరుగెడతాయి. మీరు ఆ కౌంటరులో కూర్చుంటే ఈ మాట ఎన్నోసార్లు చెప్పాల్సి వస్తుంది, ఎవరూ నమ్మరు, అయినా అది నిజం. దీదీ కూడా అదే చెప్పబోయి, కుక్క లేచి నిలబడటం చూసి ఆగిపోయింది. దాని వెనక ఎడమకాలు వంకర. చిన్నప్పుడు టోటో కింద పడి విరిగి, అలాగే అతుక్కుంది.

"అంటే, ఇది కూడా తీసేస్తే మిగిలేది రెండున్నర కాళ్లు," అంది దీదీ తనలో తాను.

"తీసీడం ఎందుకు దీదీ? నలభై ఏళ్లు పని సేసినాను. చక్రం పాడైతే చక్రం మార్చినాం గానీ బండిని మూడు చక్రాల మీద పంపించలేదు."

"తాతగారూ, ఇది బండి కాదు."

"తెలుసు. బండైతే నానే సేసుకుందును, మీ దగ్గిరకి ఎందుకొస్తాను?"

తర్వాత ఆయన గొంతు తగ్గించి ఒక సంగతి చెప్పారు. ఈ కుక్క పిల్లగా ఉన్నప్పటి నుంచీ సాయంత్రం వర్క్‌షాపు సైరన్ మోగగానే గేటు దగ్గరికి వెళ్లి ఆయన్ను ఇంటికి తెచ్చుకునేదట. ఆయన రిటైరయ్యారు గానీ కుక్కకు ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు. ఇప్పటికీ సైరన్ వినపడితే బయల్దేరుతుంది. ఒంటరిగా పంపలేక ఆయనా దానితో వెళ్తారు. అంటే రోజూ సాయంత్రం గేటు దాకా వెళ్లి, అక్కడి నుంచి తనను తానే ఇంటికి తెచ్చుకుంటున్నారు.

"నడవలేకపోతే ఏటి సేస్తాది దీదీ? సైరన్ ఇంట్లోకి కూడా ఇనిపిస్తాది కదా."

దీదీ కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆవిడ కళ్లజోడు తుడుచుకుందంటే ఇక ఒప్పుకున్నట్టే.

కోల్‌కతాలో దీదీకి తెలిసిన ఒక సర్జన్ ఉన్నాడు. కాలు తీయకుండా, గడ్డ ఉన్న ఎముక ముక్కను మాత్రమే కోసి తీసే ఆపరేషన్ ఆయన చేస్తాడు. తీసిన ముక్కను వేణ్నీళ్లలో, సరిగ్గా అరవై ఐదు డిగ్రీల దగ్గర నలభై నిమిషాలు ఉంచితే అందులోని గడ్డ కణాలు చస్తాయి. అప్పుడు అదే ముక్కను తిరిగి దాని చోట పెట్టి, పైనుంచి పాదం దాకా పొడవాటి స్టీలు ప్లేటు వేసి స్క్రూలతో బిగిస్తారు. మణికట్టు ఇక వంగదు గానీ కాలు ఉంటుంది. జబ్బు సంగతి వేరు. కాలు తీసినా ఉంచినా అది ఊపిరితిత్తుల్లోకి పాకవచ్చు, దానికి కీమో మందు విడిగా ఇవ్వాలి. గెలిచేది కొన్ని నెలలు, అదృష్టముంటే ఇంకొంచెం. దీదీ ఏదీ దాచకుండా చెప్పింది. తాతగారు అంతా విని, "హీట్ ట్రీట్‌మెంట్!" అన్నారు. ఆ ముఖంలో వెలుగు చూస్తే ఆ ముక్కను ఆయనే స్వయంగా ఉడకబెట్టేలా ఉన్నారు.

ప్లేటును కాలి వంపుకు తగినట్టు ముందే వంచి ఉంచుకోవాలి. అందుకు ఎముక నమూనా ఒకటీ, ఆ నమూనాను బట్టి వంచిన అల్యూమినియం పట్టీ ఒకటీ కావాలి. ఆ పట్టీని చూసి సర్జన్ స్టీలు ప్లేటు వంచుతాడు. పట్టీ ఎవరు చేస్తారు అని దీదీ అనేలోపే తాతగారు చొక్కా చేతులు పైకి మడిచారు. నమూనా కోసం దీదీ ఇంజనీరింగ్ క్యాంపస్‌లో చదివే ఒక రీసెర్చి అబ్బాయిని పిలిచింది. అతనిది కరీంనగర్ వైపు. క్యాంపస్ పక్కనే ప్రేమ్ బజార్‌లో గది తీసుకుని ఉండేవాడు. ఒకసారి హాస్టల్ పిల్లిని మా క్లినిక్‌కు తెచ్చాడు. కౌంటరు మీది నాలుగు గీతలు దానివే. వాళ్ల ల్యాబ్‌లో స్కాన్ చూసి ప్లాస్టిక్‌తో అచ్చం అలాంటి ఎముకను తయారుచేసే మెషీను ఉంది.

మా ఊళ్లో తెలుగువాళ్లు రెండు రకాలు. మూడు నాలుగు తరాలుగా రైలు పట్టాల పక్కన ఉన్నవాళ్లు ఒక రకం, నాలుగేళ్ల చదువుకు క్యాంపస్‌లోకి వచ్చిన వాళ్లు ఇంకో రకం. రెండు రకాలనూ ఒక గదిలో కూర్చోబెడితే ఎవరి తెలుగు తెలుగో తేలదు. దీదీ మాత్రం ఇద్దరూ తెలుగువాళ్లే కదా, చక్కగా కలిసి పని చేసుకుంటారని మురిసిపోయి కూర్చోబెట్టింది.

"ప్లేటు వంపు గూడ కంప్యూటర్లనే వస్తది తాతా. మీరెందుకు కష్టపడుడు?" అన్నాడు అబ్బాయి. మర్యాదగానే అన్నాడు.

"మీ కంప్యూటరు ఎప్పుడైనా నట్టు బిగించినాదేటి?"

"బిగించే రోబోలు ఉన్నయి తాతా."

"అలాగేటి? మరి ఆ రోబోని కుక్క కరిస్తే ఇంజెక్షను ఎవులికి సేస్తారు?"

అబ్బాయి నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది. తాతగారు కుర్చీ నా వైపు తిప్పుకున్నారు.

"అమ్మీ, ఈ గుంటడికి సెప్పు. నాను ఈడితో మాటాడను."

అబ్బాయి ఆయనకు రెండడుగుల దూరంలో ఉన్నాడు. అతనూ నా వైపు తిరిగాడు. "అక్కా, ఆయనకు చెప్పుండ్రి. నేను గూడ మాట్లాడ."

అలా ఖరగ్‌పూర్ మొత్తంలో అతి తక్కువ మాట్లాడే మనిషి వాళ్లిద్దరి మధ్య వార్తాహరి అయింది. దీదీకి ఇదంతా తమాషాగా కనిపించింది.

తాతగారు అనేవారు: "ఆ పిలాస్టిక్ బొమ్మ ఎప్పుడిస్తాడో అడుగు. ఈడి వల్ల కాకపోతే రథయాత్ర సంతలో కొనుక్కుంటాను."

నేను ఫోనులో చెప్పేదాన్ని: "తాతగారు మోడల్ ఎప్పుడు వస్తుందని అడిగారు."

అబ్బాయి అనేవాడు: "ముసలాయనకు నిప్పుల మీద నిలవడ్డట్టే ఉంటది. బుధవారం ఇస్త."

నేను చెప్పేదాన్ని: "బుధవారమట తాతగారూ."

తిట్లు జల్లెడ పట్టేసి మాటలు మాత్రం పంపించేదాన్ని. జల్లెడలో మిగిలినవన్నీ డైరీలోకి వెళ్లేవి. రెండు వారాలు ఈ పద్ధతి ఎంత బాగా నడిచిందంటే, నాలో ఒక దౌత్యవేత్త ఉందని కూడా రాసుకున్నాను.

బుధవారం అబ్బాయి నమూనా తెచ్చాడు. తెల్లటి ప్లాస్టిక్ ఎముక, కింద పాదంతో సహా. ఇక్కడ ఒక్క సాంకేతిక విషయం చెప్పాలి, ఇదొక్కటే. జబ్బు కాలు ఉబ్బి ఆకారం పాడైంది కాబట్టి దాన్ని నమూనాగా తీసుకోలేరు. బాగున్న ముందరి ఎడమకాలి స్కాన్ తీసుకుని, అద్దంలో చూసినట్టు తిప్పి, కుడికాలుగా మార్చుకోవాలి. ఎడమ చెప్పు కుడికాలికి పట్టదు కదా, అలాగే.

దీదీ లోపల ఒక ఆవు విషయంలో ఫోనులో అరుస్తోంది. అబ్బాయి కౌంటరు మీద నమూనా పెట్టి అన్నాడు:

"అక్కా, తాతకు చెప్పుండ్రి. కంప్యూటర్ల నేనే తిప్పేసిన. ఇది కుడికాలే. ఆయన తెలివి వాడే పని లేదు. ఉన్నది ఉన్నట్టు వంచితే సాలు."

అతను వెళ్లిపోయాడు. సాయంత్రం తాతగారు వచ్చారు.

"ఏటన్నాడు?"

నేను నోరు తెరిచాను. ఆ వాక్యాన్ని జల్లెడలో వేసి చూశాను. ఎలా వేసినా 'తెలివి వాడే పని లేదు' అన్నది 'తిప్పేసిన'కు అంటుకునే వస్తోంది. ఇప్పుడు ఆలోచిస్తే ఎంత తేలికో. "తిప్పే ఇచ్చాడట తాతగారూ" అంటే సరిపోయేది. కానీ ఎదురుగా నలభై ఏళ్లు తెలివితో బతికిన మనిషి, చేతిలో స్టీలు స్కేలు. నా గొంతులోంచి వచ్చింది ఇది:

"ఏమీ అనలేదు తాతగారూ."

"అననీ," అని నమూనాను సంచీలో వేసుకుని వెళ్లిపోయారు.

నేను డైరీ తీసి, అబ్బాయి అన్న మాట అక్షరం పొల్లు పోకుండా రాసుకున్నాను. రాసి పెన్నుకు మూత పెట్టగానే హాయిగా అనిపించింది. చెప్పేసినట్టే అనిపించింది.

ఆపరేషన్ ఆదివారం. సర్జన్ పొద్దున్నే హౌరా లోకల్ దిగి, ఒక నల్ల బ్యాగుతో వచ్చాడు. సన్నటి మనిషి, నాలాగే మాట్లాడడు. ఆయన మాట్లాడకపోతే గొప్ప సర్జన్ అంటారు, నేను మాట్లాడకపోతే ఈ పిల్లకు ఒంట్లో బాగా లేదా అంటారు. లోపలి గదిలో కుక్కకు సెలైన్ పెట్టాం. మత్తు ఇంకా ఇవ్వలేదు. అది తల నా మోచేతి మీద పెట్టి, ఇదంతా సైరన్ మోగేలోపల అయిపోతుందా అన్నట్టు చూసింది.

ముందు గదిలో బల్ల మీద సర్జన్ తన సామాను పరిచాడు. పొడవాటి స్టీలు ప్లేటు ఒక్కటే ఒకటి. వంచాక దాన్ని నేను ఆటోక్లేవ్‌లో పెట్టాలి. తాతగారు ఎర్ర గుడ్డలో చుట్టిన అల్యూమినియం పట్టీని, పెళ్లికూతురి నగలాగా, మడత మడతా విప్పి తీశారు. అంచులన్నీ అరగదీసి, మూలలు గుండ్రం చేసి, వెనక జాబ్ నంబరు కూడా చెక్కారు.

సర్జన్ పట్టీని నమూనా మీద ఆనించాడు. కూర్చోలేదు. ఒక వైపు ఆనితే ఇంకో వైపు లేచిపోతోంది. ఆయన కనుబొమలు కదిలాయి.

తాతగారు ఎదురుచూస్తున్నది ఆ కనుబొమల కోసమే. "కూర్చోదు! కూర్చోకూడదు కూడాను! మీ బొమ్మ ఎడమకాలు, మన జాబు కుడికాలు. ఆపోజిట్ హ్యాండ్! ఒక్కొక్క వంపూ కొలిచి తిరగేసి కొట్టినాను. ఆ గుంటడికి ఇది తట్టి ఉండదు, అందుకే నానే సేసినాను."

దీదీకి గుర్తొచ్చింది. "అవునవును, స్కాన్ తీసింది ఎడమకాలిదే." సర్జన్ తల ఊపి, మొదటిసారి నోరు విప్పి, "ఎక్సలెంట్" అన్నాడు. తాతగారు గోడకు ఆనుకుని నిలబడ్డారు, లేకపోతే పైకి ఎగిరిపోయేవారే.

గడప దగ్గర ట్రేతో నిలబడి నేను లెక్క వేసుకున్నాను. అబ్బాయి తిప్పాడు. తాతగారు మళ్లీ తిప్పారు. ఇద్దరూ తమ పని సరిగ్గానే చేశారు, అందుకే మొత్తం తప్పయింది. ఆ పట్టీ ఇప్పుడు ఎడమకాలిది. ఈ సంగతి ప్రపంచంలో ఒకే ఒక చోట రాసి ఉంది, నా సంచీలో.

అప్పుడు నేనేం చేశానో చెబితే నవ్వుతారు. చీటీ రాశాను. 'నమూనా ముందే తిప్పినది' అని బెంగాలీలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, దీదీ చేతిలో పెట్టాను. అది మిఠాయి దుకాణం చీటీ అనుకుని, "తర్వాత" అంటూ ఏప్రన్ జేబులో వేసుకుంది.

సర్జన్ స్టీలు ప్లేటును వంచే మెషీనులో బిగించాడు. స్టీలును ఒకసారి వంచి మళ్లీ వెనక్కి వంచితే దాని బలం పోతుందని, బరువు పడ్డ రోజున అక్కడే విరుగుతుందని తాతగారే నాకు చెప్పారు. రెండో ప్లేటు లేదు. సర్జన్ చేయి పిడి మీదికి వెళ్లింది. లోపలి గదిలో కుక్క ఒకసారి తోకతో బల్లను కొట్టింది.

"ఒంచీకండి! ఆగండి! ఆ గుంటడు ముందే తిప్పీసినాడు!"

ఎవరా అని చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు. ట్రే కింద పడి ఉంది. పక్క దుకాణంలో టైరుకు గాలి కొడుతున్నవాడు కూడా ఆపేసి తొంగి చూశాడు.

"కీ బోల్‌ఛే?" అని సర్జన్ తాతగారిని అడిగాడు, ఈ పిల్ల ఏమంటోందని.

తాతగారు ఆయనకు జవాబు చెప్పలేదు. "ఎవుడు తిప్పినాడు? ఏటి తిప్పినాడు? ఏమీ అనలేదని సెప్పినావు కదా అమ్మీ?"

ఇక దాచడానికి లేదు. సంచీలోంచి డైరీ తీసి, బుధవారం పేజీ తెరిచాను. ఆ వాక్యానికి సరిగ్గా పైన ఇంకో వాక్యం ఉంది, నమూనా తెచ్చినవాడి నీలం చొక్కా గురించి. దాన్ని బొటనవేలితో మూయగలిగినంత మూసి, కిందిది చదివాను. అక్షరం పొల్లు పోకుండా. 'ఆయన తెలివి వాడే పని లేదు' దగ్గర నా గొంతు గుసగుస అయింది.

"గట్టిగా సదువు."

గట్టిగా చదివాను.

సర్జన్ మళ్లీ అడిగాడు. దీదీకి తెలుగు రాదు, నాకు బెంగాలీ ఒక్క ముక్క గుర్తు రావడం లేదు. అనువాదం చేయాల్సిన మనిషి తాతగారే. ఆయన ఒకసారి నా వైపు, ఒకసారి నా బొటనవేలి వైపు చూసి, గొంతు సవరించుకుని బెంగాలీలో మొదలుపెట్టారు. నమూనాను కుర్రాడు ముందే తిప్పాడు. అది కుడికాలే. తర్వాత కాస్త ఆగారు. ఆ ముక్క వదిలేస్తారనుకున్నాను. నేనైతే వదిలేసేదాన్ని. ఆయన వదల్లేదు. "ఇంకా ఏటన్నాడంటే, ఈ ముసలోడు తెలివి వాడక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు వంచితే సాలు అన్నాడు."

సర్జన్ ముఖం అలాగే ఉంది గానీ భుజాలు కదిలాయి. దీదీ నమూనా పట్టుకుని లోపలికి పరుగెత్తి, కుక్క కాళ్ల పక్కన పెట్టి, వేళ్లతో తడిమి, బయటికి వచ్చింది. "కుడికాలే," అంది. అబ్బాయికి ఫోను చేస్తే ఎత్తలేదు. ఆదివారం పొద్దున్న తొమ్మిదికి క్యాంపస్‌లో ఎవరూ బతికి ఉండరు.

అంతా తాతగారి వైపు చూశాం. ఆయన సంచీలో చేయి పెట్టి ఇంకో అల్యూమినియం పట్టీ తీశారు, వంచనిది.

"ఏ జాబుకైనా రెండు పీసులు కోసుకోవాలి. ఒకటి సెయ్యడానికి, ఒకటి సెడగొట్టడానికి. సెడగొట్టడం ఎప్పుడూ ముందే అవుతాది."

క్లినిక్ మెట్ల మీద కూర్చుని, నమూనాను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ఉన్నది ఉన్నట్టు వంచారు. పావుగంట కూడా పట్టలేదు. ఈసారి సర్జన్ దాన్ని నమూనా మీద పెడితే కాగితంలా అంటుకుంది. 'ఎక్సలెంట్' అనలేదు. తాతగారూ ఎదురుచూడలేదు.

ఆపరేషన్‌లో నా వంతు వేణ్నీళ్ల గిన్నె. అరవై ఐదు దగ్గర నలభై నిమిషాలు, చేతిలో థర్మామీటరు. తలుపు అవతల తాతగారు.

"అమ్మీ, ఎంతున్నాది?"

"అరవై ఐదు తాతగారూ!"

నిమిషం గడిచేది. "ఇప్పుడెంత?"

"అరవై ఐదే!"

"పడిపోనియ్యకు! రాసుకోకు, సెప్పు!"

నా జీవితంలో ఒకే మాట అన్నిసార్లు, అంత గట్టిగా ఎప్పుడూ చెప్పలేదు. నలభై నిమిషాలయ్యేసరికి గొంతు బొంగురుపోయింది గానీ సిగ్గు ఎటు పోయిందో తెలియలేదు.

మధ్యాహ్నం అబ్బాయి వచ్చాడు. ఫోనులో పదకొండు మిస్డ్ కాల్స్ చూసి సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు, తల కూడా దువ్వుకోలేదు. కుక్క కట్టుతో పడుకుని ఉంది. తాతగారు దాని పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నారు.

"నా తెలివి వాడే పని లేదన్నావంట?" అన్నారు సూటిగా అతనితోనే.

అబ్బాయి నా వైపు చూశాడు. ఏ మాటైనా జల్లెడ పట్టే నేను గోడ వైపు చూశాను.

"తాతా, అది... నేను గట్ల అనలే... అంటే అన్న గాని..."

"నిజమే అన్నావురా. వాడినాను కదా, సూడు ఏటైనాదో." ఆయన స్టూలు మీద కాస్త జరిగి చోటిచ్చారు. "కూకో. సొక్కా బాగున్నాది. నీలం నీకు నప్పుతాది."

అతనికి అర్థం కాలేదు. నాకు అయింది. ఆటోక్లేవ్ మూత సరిచూడటానికి వెంటనే లోపలికి వెళ్లిపోయాను.

తర్వాతి సంగతులు అంత సాఫీగా జరగలేదు, జరిగాయని చెబితే అబద్ధం. రెండుసార్లు కట్టు కింద చీము పట్టింది. మూడు వారాలకోసారి సెలైన్‌లో కీమో మందు. అది ఎక్కినంతసేపూ తాతగారు కుక్కకు వర్క్‌షాపు కబుర్లు చెప్పేవారు, పక్కన అబ్బాయి వాదించేవాడు. వాళ్లిద్దరూ ఇప్పుడు నేరుగా పోట్లాడుకునేవాళ్లు. నాకు పని తగ్గింది.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక సాయంత్రం దీదీ నన్ను త్వరగా పంపించింది. సైకిలు మీద వర్క్‌షాపు గేటు దాకా వెళ్లాను. సైరన్ మోగింది. సైకిళ్లు, స్కూటర్లు గుంపుగా బయటికి వస్తున్నాయి. వాటికి ఎదురుగా, రోడ్డు అంచున, గోధుమరంగు కుక్క వస్తోంది. ముందరి కుడికాలు వంగకుండా, పరేడులో హోంగార్డు వేసినట్టు ముందుకు విసిరి వేస్తోంది. వెనక ఎడమకాలు తన పాత వంకర తాను పోతోంది. రెండూ కలిసి ఏదో ఒక తాళం కుదిరింది. తాతగారు పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తున్నారు. గేటు దగ్గర కుక్క ఆగి, బయటికి వచ్చే ప్రతి మనిషినీ వాసన చూసి, చివరికి తల తిప్పి తాతగారిని చూసింది, దొరికాడు అన్నట్టు. ఇద్దరూ ఇంటిదారి పట్టారు.

ఆ ఏడు దుర్గాపూజ పందిళ్లకు వెదుళ్లు పాతే దాకా అది రోజూ గేటుకు వెళ్లింది. దగ్గు మొదలయ్యాక కూడా వెళ్లింది. చివరి వారం మాత్రం వెళ్లలేదు. ఆ వారం సైరన్ మోగినప్పుడల్లా తాతగారు ఒక్కరే గేటు దాకా వెళ్లి, తిరిగి ఇంటికి వచ్చి, తలుపు దగ్గర నిలబడి, "వచ్చీసినాను నాయనా" అనేవారట. కుక్క పడుకున్నచోటే తోక ఊపేదట. ఈ సంగతి ఆయన నాకు చెబుతున్నప్పుడు, జీవితంలో ఆ ఒక్కసారి, నేను ఏమీ రాసుకోలేదు.

నేను క్లినిక్ మానేసే రోజు తాతగారు వచ్చారు. ఎర్ర గుడ్డలో చుట్టిన వస్తువు నా చేతిలో పెట్టారు. మొదటి పట్టీ, రెండోసారి తిప్పినది. వెనక జాబ్ నంబరు అలాగే ఉంది.

"పుస్తకాలు సదూతావు కదా. పేజీలో పెట్టుకో."

ఇప్పుడు అది నా డైరీలో ఉంది. ఎటు తిప్పి పెట్టినా వంపు లేచే ఉంటుంది, డైరీ సరిగా మూసుకోదు. నాకు అది మంచిదే.